బాబాయి కుడి అరచేతిలో మచ్చ

నిన్న పొద్దున్నే పామర్రు నుంచి పిన్ని ఫోన్.

"ఒరేయ్, మీ బాబాయి లేవట్లేదురా" అంది.

అంతే. ఆ తర్వాత ఫోన్ వేరెవరో తీసుకున్నారు. వాళ్లేం చెప్పారో నాకు గుర్తులేదు.

మొన్న సాయంత్రమే మాట్లాడాడు. మా ఏసీ చల్లబడట్లేదంటే ఫోన్లోనే రిపేర్ చెప్పి, "ఫిల్టర్ కడుక్కోవడం కూడా చేతకాదు నీకు" అని తిట్టి పెట్టేశాడు. అదే ఆఖరి తిట్టు అనుకోలేదు.

మీలో చాలామందికి మా రాంబాబు బాబాయి బెజవాడ గవర్నర్‌పేటలో కంప్రెసర్ల మెకానిక్‌గానే తెలుసు. నాకు ఆయనతో ఇంకో లెక్క ఉంది. అది ఈరోజు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

రెండువేల ఏడో, ఎనిమిదో. మైలవరం దగ్గర ఒక మామిడితోట లీజుకి తీసుకుని ఫ్రెండ్స్‌మి పెయింట్‌బాల్ గ్రౌండ్ పెట్టాం. రంగు నింపిన గోలీలతో ఒకళ్లనొకళ్లు కొట్టుకునే ఆట. కొట్టేదాన్ని గన్ అనకూడదు, మార్కర్ అనాలి. వెనకాల చిన్న గాలి సిలిండర్ బిగించి ఉంటుంది.

గ్రౌండ్‌లో అద్దెకిచ్చే మార్కర్లు నా కంటికి ఆనలేదు. హై ఎండ్ ఎలక్ట్రానిక్‌ది కావాలి. సింగపూర్‌లో ఉన్న ఫ్రెండ్ తెస్తానన్నాడు. నెట్ సెంటర్లో కలర్ ప్రింట్లు తీయించుకుని బాబాయి షాపుకి వెళ్లాను, ఏది బాగుందో చెప్పమని.

ఆయన బొమ్మలు పక్కన పడేశాడు. లోపలి పార్టుల డ్రాయింగ్ మాత్రం అరగంట చూశాడు.

"దీనికి రబ్బరు ఓ-రింగులు ఎన్నిరా? ఈ సైజు మన బెజవాడలో దొరుకుద్దా?"

సెకనుకి ఎన్ని గోలీలు వదులుతుందో నేను చెబుతుంటే వినిపించుకోడే! చివరికి నాకు నచ్చిన ఎర్రది కాదని, బూడిద రంగుది ఎంచాడు. లోపలి బోల్టు వెనక నుంచి చేత్తో లాగితే బయటికొస్తుంది, రబ్బరు రింగులు తక్కువ. "పాడైతే మనం బాగుచేసుకోగలిగిందే మన వస్తువు" అన్నాడు. అలిగాను గానీ, అదే తెప్పించాను.

ప్రతి ఆదివారం ఆట అయ్యాక క్లాసు. బోల్టు తీసి రంగు తుడవాలి. రింగులు గోటితో తడిమి చూడాలి, చీలికుంటే మార్చాలి. గ్రీజు పల్చగా రాయాలి. నేనోసారి కొబ్బరినూనె రాసినందుకు వారం మాట్లాడలేదు.

అన్నిటికంటే ముందు ఒకే ప్రశ్న. "గాలి తీశావా?"

సిలిండర్ విప్పి లోపలి గాలి వదిలేదాకా మార్కర్‌లో ఏదీ ముట్టుకోకూడదు. కళ్లు కాపాడే మాస్క్ తీయకూడదు. వంద సార్లు చెప్పుంటాడు.

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ. షాపులో కంప్రెసర్లకు బొట్లు పెడుతూనే నాకు ఫోన్ చేశాడు. "నీ మార్కర్‌కి దణ్ణం పెట్టుకో. బొట్టు మాత్రం దాని డబ్బాకి పెట్టు."

విన్నానా? విననుగా! మార్కర్‌కే గంధం, దండిగా కుంకుమ. పైన రెండు గుప్పిళ్ల అక్షింతలు.

మర్నాడు గుంటూరు టీమ్‌తో మ్యాచ్. మా వైపు నేనూ ఇంకొకడూ మిగిలాం. డ్రమ్ము వెనక నక్కి ట్రిగ్గర్ నొక్కాను. పేలలేదు. మళ్లీ నొక్కాను. లేదు. అటువైపు వాళ్లు చెట్టు తర్వాత చెట్టు దాటి వచ్చేస్తున్నారు. చెమటకి మాస్క్ అద్దం మసకేసింది.

ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని బుర్ర నాది. మాస్క్ నుదుటి మీదికి ఎత్తాను. మార్కర్ నా వైపు తిప్పి, ఏం అడ్డుపడిందోనని గొట్టంలోకి చూశాను. బొటనవేలు ట్రిగ్గర్ దగ్గరే ఉంది.

"గాలీ! గాలిరా!"

గ్రౌండ్ చుట్టూ కట్టిన నెట్ బయట సిలిండర్లు నింపుతున్న బాబాయి. మాస్క్ కూడా లేకుండా గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చాడు. నేను తల తిప్పేలోగా గొట్టం మూతికి అరచెయ్యి అడ్డంపెట్టి తోశాడు.

ఆ కుదుపుకి నా బొటనవేలు ట్రిగ్గర్ మీద పడి పేలింది.

నీలం రంగు. దాని మధ్య నుంచి రక్తం.

ముందు ఎడమ చేత్తో నా చెంప పగలగొట్టాడు. ముప్పయ్యేళ్లవాణ్ణి, రెండు టీములూ చూస్తున్నాయి. తర్వాత చేతికి తువ్వాలు చుట్టుకుని, మార్కర్ తెచ్చి తన ముందు పెట్టమన్నాడు. గాలి తీయించి పక్క మూత విప్పించాడు. గోలీ లోపలికొచ్చిందో లేదో చూసే చిన్న సెన్సర్ ఉంటుంది అక్కడ, దాన్ని కన్ను అంటాం. అది మూసుకుపోతే ఓసారి పేలుతుంది, ఓసారి పేలదు. దాని నిండా కుంకుమ. ఒక పసుపు బియ్యపు గింజ.

"దేవుడి మీద వెయ్యాల్సింది దీని కంట్లో వేశావు కదరా" అన్నాడు. నేను ఏడ్చేశాను.

ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో ఒకటే మాట. "మీ పిన్నికి చెప్పకు. కంప్రెసర్ బెల్టులో పడిందంటాను. తెలిస్తే నిన్ను గుమ్మం తొక్కనివ్వదు."

నిన్న పామర్రులో ఆయన కుడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బొటనవేలి కింద ఆ మచ్చ అలాగే ఉంది. పక్కన పిన్ని వచ్చినవాళ్లతో అంటోంది, "ఆ చెయ్యి చూడండి, బెల్టులో నలిగిందండీ. ఎంత కష్టపడ్డాడో మా ఆయన."

నేను ఆ మచ్చని నా వేళ్లతో మూశాను.

పిన్నీ, ఇది నువ్వు చదువుతావు. అది బెల్టు కాదు. నేనే. నా కన్ను పోవాల్సిన చోట ఆయన చెయ్యి పెట్టాడు. ఈ నాలుగు ముక్కలు రెండు కళ్లతో చూసి టైప్ చేస్తున్నానంటే ఆయన పెట్టిన భిక్షే.

పదకొండో రోజుకి వస్తాను. గుమ్మం తొక్కనివ్వకపోతే అరుగు మీద కూర్చుంటాను.

బాబాయ్, ఇంటికొచ్చి ఆ మార్కర్ డబ్బా దించి చూశాను. గాలి తీసే ఉంది.

ఇంక నా గురించి కంగారుపడకుండా ప్రశాంతంగా పడుకో.