జిగురు ఆరేలోపు ఒక మాట

ఊరి బడిలో ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఒక సర్కారు ఆఫీసులో బైండరుగా చేరి ఇరవై ఆరేళ్ళలో పాతిక వేల రిజిస్టర్లకు అట్టలు కట్టాడు. అతను కుట్టిన పుస్తకం గోడకేసి కొట్టినా ఒక్క ఆకు ఊడేది కాదు. జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసేవాడు కాబట్టి పురుగు కూడా దరిచేరేది కాదు. ఇదంతా ఒక ఎత్తు, అతని ఇంగ్లీషు ఒక ఎత్తు.

వెన్ను విరిగిన పాత ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఒకటి బాగుచెయ్యమని అతని దగ్గరికొచ్చింది. బాగుచేశాక అడిగిన నాథుడు లేడు. నేల మీద కూర్చుని కుట్టే పొట్టి బల్ల కిందే ఉంచుకున్నాడు. అట్టకు జిగురు పూసి పైన ఇటుక పెడితే ఆరడానికి అరగంట. ఆ అరగంటకు ఒక్క మాట, తెలుగు అర్థంతో సహా కంఠతా. వరస తప్పకూడదు, ఒక్కటి కూడా దాటకూడదు, అది అతని నియమం. రోజుకు మూడు నాలుగు అట్టల చొప్పున పదకొండేళ్ళలో 'జె' అక్షరం దాకా వచ్చాడు.

నేర్చినదంతా సాయంత్రం భార్య మీద ప్రయోగం. కూర మాడితే "డిజాస్టర్". ఎదురు చెబితే "ఇగ్నొరెంట్".

"అదేం తిట్టు?"

"తిట్టు కాదే, చదువు. నీకెక్కడ ఎక్కుతుంది!"

"ఎక్కకపోయినా తగులుతోందిలే," అనేది ఆవిడ, గిన్నె తోముతూ.

ఆఫీసులో అతని పేరు 'డిక్షనరీ'. అతిథులొస్తే ఆఫీసరు గది నుంచి కబురొచ్చేది. చేతుల జిగురు కడుక్కుని, చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్ళి నిలబడేవాడు.

"మా డిక్షనరీ వచ్చాడు! ఏదీ, 'హెచ్'లో ఒకటి వదులు!"

"హజార్డస్ సార్. ప్రమాదకరమైన."

అందరూ పగలబడి నవ్వేవారు. అతను దాన్ని మెప్పనుకున్నాడు.

ఆ ఏడాది రికార్డు గది చూసే ఆయన రిటైరయ్యాడు. ఆ పనికి కుర్చీ, గది తాళం ఉంటాయి. ఇరవై ఆరేళ్ళు నేల మీద కూర్చుని కుట్టి కుట్టి మోకాళ్ళు బిగుసుకుపోయినవాడికి ఆ కుర్చీ అంటే సింహాసనమే. దరఖాస్తు పెట్టాడు.

"నీకు కాక ఎవరికిస్తామయ్యా? పై ఆఫీసుకు నేనే రాస్తాగా!" అన్నాడు ఆఫీసరు.

ఆ మాట ఇంట్లో చెబితే, భార్య మర్నాడు అతని చొక్కా తనే ఇస్త్రీ చేసింది. "మోకాళ్ళకు సుఖం," అంది. ఆ రోజు ఆవిణ్ణి ఏమీ అనలేదు.

రెండు వారాల తర్వాత పెద్ద గుమాస్తా రహస్య నివేదికల కట్ట తెచ్చాడు. సిబ్బందిలో ఎవరెలాంటివాళ్ళో ఆఫీసరు స్వయంగా రాసిన కాగితాలు. కుట్టేంతసేపూ గుమాస్తా ఎదురుగా కూర్చోవాలని ఆనవాయితీ.

"నీ ముందు కాపలా ఎందుకులే! మాటలు చిలక్కీ వస్తాయి, చదవడం వస్తుందా?" అని టీకి వెళ్ళిపోయాడు.

సూది ఎక్కించే ముందు ఆకులన్నీ వరస చూసుకోవడం మంచి బైండరు లక్షణం. ఏడో ఆకు మీద తన పేరు కనబడింది. వేలు పెట్టి చదివాడు. పెద్ద మాటలన్నీ తెలిసినవే: గెస్ట్స్, అమ్యూజ్‌మెంట్; చిన్నవి ఆఫీసులో రోజూ వినేవే. ఒక్కటే తెలియలేదు. 'ఎల్'తో మొదలైంది. 'ఎల్' దాకా ఇంకా రాలేదు.

పదకొండేళ్ళలో మొదటిసారి నియమం తప్పాడు. డిక్షనరీ లాగి 'జె' దాటి, 'కె' దాటి వెతికాడు. లూడిక్రస్: నవ్వు పుట్టించే, వెకిలి.

ఇప్పుడు వాక్యం మొత్తం అర్థమైంది. ఈ లూడిక్రస్ మనిషి అతిథుల వినోదానికి పనికొస్తాడు, తాళం అప్పజెప్పడానికి పనికిరాడు.

గుమాస్తా తిరిగొచ్చేసరికి కట్ట కుట్టడం అయిపోయింది. ఆ ఏడాది కుట్టినవాటిలో అంత బిగువైన కుట్టు ఇంకోటి లేదు.

నెల తిరక్కుండా కుర్చీ వేరొకరికి పోయింది. ఆ వారమే అతిథులొచ్చారు, కబురొచ్చింది. ఈసారి జిగురు చేతులతోనే వెళ్ళాడు.

"కొత్త మాటేంటోయ్?"

"లూడిక్రస్ సార్. వెకిలి."

"అబ్బో, 'ఎల్'లోకొచ్చేశాడు! వాక్యంలో పెట్టు చూద్దాం!"

అతను నిటారుగా నిలబడి, నివేదికలోని వాక్యాన్ని ఇంగ్లీషులో, అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు.

ఆఫీసరు చేతిలో కప్పు ఆగింది. "ఇదెక్కడ చదివావు?"

"మీ చేతిరాతలో సార్."

అతను ఎదురుచూశాడు, ఆ మొహంలో సిగ్గు కనబడుతుందని. ఆఫీసరు కప్పు కింద పెట్టి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

"విన్నారా! నేను రాసింది నాకే అప్పజెప్పాడు! మళ్ళీ చెప్పు, మళ్ళీ!"

మళ్ళీ చెప్పాడు. పెన్షన్‌కు ఇంకా నాలుగేళ్ళు ఉంది మరి.

ఆ నాలుగేళ్ళూ ఏ అతిథి వచ్చినా అదే వాక్యం అడిగారు. డిక్షనరీ బల్ల కిందే దుమ్ముపట్టింది. 'దిస్ లూడిక్రస్ మ్యాన్' అన్నచోట గుండె మీద వేలు పెట్టుకుంటే ఇంకా బాగుంటుందని ఆఫీసరే నేర్పాడు. పెట్టుకునేవాడు.