బోల్టు మీద ఎర్ర గీత

మొన్న మధ్యాహ్నం గచ్చిబౌలిలోని మా ఆఫీసు వాష్‌రూమ్‌లో ఒక కొత్తమ్మాయి అద్దం ముందు నిలబడి గోళ్లకు రంగు వేసుకుంటోంది. సాయంత్రం ఎవరిదో పెళ్లట. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నాకు పెళ్లి గుర్తుకు రాలేదు, గ్రీజు గుర్తుకొచ్చింది. చందానగర్ మార్కెట్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు, జాకీ మీద లేపిన పాత జీపు, దాని కింద నుంచి బయటికి కనబడుతున్న ఎస్తేరు మేడమ్ కాళ్లు గుర్తుకొచ్చాయి. కడిగిన చేతులే మళ్లీ కడుక్కుంటూ అక్కడే నిలబడిపోయాను. "మీకూ వేయనా అక్కా?" అని ఆ అమ్మాయి నవ్వుతూ అడిగింది. వద్దన్నాను. నెయిల్ పాలిష్‌ను గోళ్ల మీద చూడటం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

ఎస్తేరు మేడమ్ నా మొదటి బాస్. గోదావరి ఏజెన్సీలో ఒక మిషన్ ఆసుపత్రి జీపు నడిపిన డ్రైవరుగారి అమ్మాయి. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేదు. పొడుగు మనిషి. తెల్లటి కాటన్ చీర, చెవులకు గానీ చేతులకు గానీ ఏమీ ఉండేవి కావు. మాది మెదక్ వైపు. మా నాన్న ఆఫీసు బస్సు నడిపేవాడు, నాకూ బండి నడపడం నేర్పాడు; పుప్పాలగూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాకు ముక్కుసూటిగా మాట్లాడే జబ్బు చిన్నప్పటి నుంచీ ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ రోజూ మొత్తుకునేది. అందుకే ఉద్యోగంలో చేరిన కొత్తలో నోరు కుట్టేసుకుని తిరిగేదాన్ని. నా పని వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం. తప్పులు వెతికే మనిషిని నోరు మూసుకోమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఒకరోజు ఒక పెద్ద పని కస్టమర్‌కు పంపాలి. అందరూ సరేనన్నారు. నాకు ఒకచోట ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో చెప్పలేను. గది నిండా పెద్దవాళ్లు, అందరికీ ఇంటికి వెళ్లే తొందర. మేడమ్ చివర్లో నావైపు తిరిగి, "నువ్వేమంటావ్ రజితా?" అని అడిగారు. నాకు నమ్మకం లేదన్నాను. ఆవిడ ఇంకో మాట అడగకుండా ఆ పని ఆపేశారు. తెల్లారి వెతికితే ఏ తప్పూ దొరకలేదు. నా అనుమానమే తప్పు. తల తీసేసినట్టయింది. రాజీనామా రాయాలా అని కూడా అనుకున్నాను. మేడమ్ నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్లి టీ ఇప్పించి, "అనుమానం తప్పయితే ఒక రోజు పోతుందమ్మా. అనుమానం వచ్చి కూడా ఊరుకుంటే, అది అలవాటైపోతుంది" అన్నారు. అంతే, ఆ విషయం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నాకు మాత్రం ఆరోజు నుంచి నోరు తిరిగొచ్చింది.

నేను డ్రైవరు కూతురినని తెలిసిన తర్వాత ఒక శనివారం జీపు చూద్దువుగాని రమ్మన్నారు. మిలిటరీ వాళ్ల వేలంలో ఎవరో కొంటే, వాళ్ల దగ్గర నుంచి ఆవిడ కొన్నారట. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత రకం బండి. దాన్ని నడుపుకుంటూ హైదరాబాదు నుంచి హిమాలయాల్లోని స్పితి లోయ దాకా వెళ్లాలని ఆవిడ కోరిక. బురదలో, వాగుల్లో జీపు నడిపిన వాళ్ల నాన్న ఒక్కసారైనా మంచు చూడాలని అంటూ అంటూనే పోయారట. తోడు రావడానికి నన్ను పిలిచారు. పిలవకపోతే నేనే అడిగేదాన్ని. ఇక ఆ ఏడాది మా శనివారాలన్నీ మెకానిక్ యాదగిరన్న షెడ్డులోనే గడిచాయి.

ఆఫీసులో తలా ఒక సలహా ఇచ్చారు. పైన లైట్ల వరుస పెట్టించమని ఒకరు, టాపు మీద గుడారం బిగించమని ఒకరు. మేడమ్ అన్నీ శ్రద్ధగా విని ఒక్కటీ పెట్టించలేదు. బండికి పరుగెత్తడం వచ్చు, ముందు ఆగడం నేర్పుదాం అనేవారు. బ్రేకులు విప్పించారు. ఎండిపోయిన రబ్బరు పైపులన్నీ మార్పించారు. ముందు చక్రాలకు బలం కలిపే చిన్న గేరు వాడక లేక తుప్పుతో బిగుసుకుపోతే, దాన్ని నూనెలో నానబెట్టి, విప్పి, తుడిచి మళ్లీ బిగించడానికి ఎన్ని శనివారాలు పట్టిందో. మోసుకెళ్లే సామాన్లన్నీ దుప్పటి మీద పరిచి, ఇది ఎందుకు అని ఒక్కొక్కటీ అడిగేవారు. జవాబు లేని వస్తువు షెడ్డులోనే ఉండిపోయేది. ఆవిడ మాట ఒక్కటే, నమ్మకం లేనిదేదీ బండిలో ఉండకూడదు.

నెయిల్ పాలిష్ అప్పుడే వచ్చింది. బోల్టు బిగించాక దాని తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక ఎర్ర గీత గీయాలి. కుదుపులకు బోల్టు ఏమాత్రం తిరిగినా గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. చూడగానే తెలిసిపోతుంది. దీనికి ఆవిడ ఆఫీసు పద్ధతి కూడా తగిలించారు. బిగించినవాళ్లు గీత గీయకూడదు. ఆవిడ బిగిస్తే నేను గీయాలి, నేను బిగిస్తే ఆవిడ గీయాలి. తర్వాత ఒకరు చూసిన వైపు ఇంకొకరు మళ్లీ చూడాలి. యాదగిరన్న మొదట్లో పడీ పడీ నవ్వాడు. "ఇది బండా, పెండ్లి పిల్లనా మేడమ్?" అనేవాడు. ఆయన తన తృప్తికి ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. మేడమ్ కాదనలేదు. తను మాత్రం బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు.

ఆవిడ వెళ్లే చర్చి సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు, గోళ్ల రంగు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక ఆదివారం ఆరాధనలో మేడమ్ వేళ్ల చివర్లలో ఎర్రరంగు చూసి పక్కన కూర్చున్నామె బిత్తరపోయిందట. పాస్టరుగారి భార్య తర్వాత మెల్లగా అడిగితే, జీపుకు వేశానండి అని చెప్పారట మేడమ్. "నిజం చెప్పినా నమ్మలేదు రజితా. నా కోసం ప్రార్థన చేస్తానన్నారు" అని చెబుతూ, చేతిలో స్పానరు పట్టుకుని కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆవిడ అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

బయలుదేరే ముందు పూర్తి సామాను వేసి ఒకరోజు ప్రయాణం చేసి చూడాలన్నారు. ముంబై హైవే మీద జహీరాబాద్ దాకా వెళ్లి రావాలని బయలుదేరాం. మేడమ్ నడుపుతున్నారు. సంగారెడ్డి దాటాక ఎడమవైపు నుంచి ఒక బైకు రోడ్డెక్కింది. నేను మేడమ్ అని కేక వేసేదాకా ఆవిడ బ్రేకు మీద కాలు వేయలేదు. బైకువాడు తిట్టుకుంటూ పోయాడు. మేడమ్ గేరు మార్చి బండి ముందుకు పోనిచ్చారు. నేనూ ఊరుకున్నాను, ఎవరికైనా ఒక్కోసారి అవుతుందని సర్దిచెప్పుకున్నాను.

దాబా దగ్గర ఆపి, అలవాటు ప్రకారం గీతలు చూడటం మొదలుపెట్టాం. ఆవిడ కుడివైపు, నేను ఎడమవైపు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. తర్వాత వైపులు మారాం. కుడివైపు ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. ఒక నట్టు మీది గీత రెండు ముక్కలై ఉంది. పసిపిల్ల కూడా పట్టేంత స్పష్టంగా ఉంది. వేలితో తిప్పితే నట్టు తిరిగింది. మేడమ్‌ను పిలిచి, ఇది మీకు కనబడలేదా అని అడిగాను. ఎండ కళ్లలో పడిందన్నారు. ఎండ మా వెనకాల ఉంది.

నట్టు బిగించాం. ఆవిడ మళ్లీ స్టీరింగు వైపు నడిచారు. ఆ కాసేపట్లో నాకు ఎన్ని ఆలోచనలు వచ్చాయో చెప్పలేను. ఆవిడ నా బాస్, నాకంటే ఎంతో పెద్ద, నాకు ఈ నోరు తిరిగి ఇచ్చిందే ఆవిడ. ఊరుకుంటే ఈ ప్రయాణం దక్కుతుంది, ఆవిడ కోరిక తీరుతుంది. కానీ ముందున్నవి కొండ అంచు రోడ్లు.

"ఇగ బండి మీరు నడపొద్దు మేడమ్," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగారు. "నీ పని బోల్టులు చూడటం రజితా. నన్ను చూడటం కాదు."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాకూ కోపం వచ్చింది. "నమ్మకం లేనిదేదీ బండిల ఉండొద్దని మీరే చెప్పిన్రు. మీ చూపు మీద నాకు నమ్మకం లేదు మేడమ్," అన్నాను.

ఆవిడ దాబా ముందున్న నులక మంచం మీద కూర్చుని అటువైపు తిరిగారు. తెచ్చిన టీ చల్లారిపోయింది. అప్పుడు చెప్పారు. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బట. చుక్కల మందు వేసుకుంటున్నా చూపు అంచుల నుంచి పోతోందట, పోయింది ఇక తిరిగి రాదట. "మా నాన్న చూడలేదు. నేనైనా నా చేత్తో నడుపుకుంటూ వెళ్లి చూడాలనుకున్నాను. ఆ తర్వాత ఎంత చీకటైనా పర్లేదనుకున్నాను," అన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. లేచి తాళం నా చేతిలో పెట్టి ఎడమ సీట్లో కూర్చున్నారు.

డ్రైవరు సీటు ఆవిడ పొడుగుకు తగ్గట్టు వెనక్కి బిగించి ఉంది. అది జరిగే రకం సీటు కాదు, బోల్టులు విప్పితే తప్ప కదలదు. నేను పొట్టిదాన్ని. వీపు వెనక దుప్పటి చుట్ట పెట్టుకుని, క్లచ్చు అందక అవస్థ పడుతూ చందానగర్ దాకా తెచ్చాను. తర్వాత వారమంతా ఆఫీసులో ఆవిడ పనికి అవసరమైనంతే మాట్లాడారు. ఉద్యోగం పోతుందని నేను భయపడలేదు. ఆవిడ మంచు చూడకుండానే ఉండిపోతారని, దానికి కారణం నా నోరేనని కుమిలిపోయాను. ఇంట్లో అన్నం సహించలేదు. అమ్మ అడిగితే విసుక్కున్నాను.

శనివారం యాదగిరన్న ఫోన్ చేశాడు, "జర రా చెల్లె, మేడమ్ వచ్చిన్రు," అని. వెళ్లేసరికి మేడమ్ జీపులో ఎడమవైపు కూర్చుని ఉన్నారు. డ్రైవరు సీటు ముందుకు జరిగి ఉంది. పాత బోల్టులు విప్పి, నా కాళ్ల పొడవుకు సరిపోయేచోట కొత్త రంధ్రాలు వేయించి, దగ్గరుండి తన చేత్తోనే బిగించారట. దుప్పటి చుట్ట తీసేశారు. నేను ఎక్కి కూర్చుంటే క్లచ్చు చక్కగా అందింది. మేడమ్ నెయిల్ పాలిష్ సీసా నా ముందుకు చాపారు.

"నేను బిగించాను కదా. గీత నువ్వే గీయాలి," అన్నారు.

సీటు కిందికి వంగి గీసేసరికి ఆ గీత కొంచెం వంకరగా వచ్చింది.

వెళ్లాం. దారి సంగతులు రాయడం మొదలుపెడితే అదొక పుస్తకం. ఒక్కటి మాత్రం చెబుతాను. కనుమ మీద మొదటిసారి మంచు కొండలు కనబడగానే బండి ఆపమన్నారు. దిగి, ఒక చివర నుంచి ఇంకో చివరకు తలంతా తిప్పుతూ నెమ్మదిగా చూశారు. కళ్లు తిప్పితే చాలదని నాకు అప్పుడర్థమైంది. "ముక్కలు ముక్కలుగా కనబడుతోంది రజితా. అయినా ఎంత పెద్దగా ఉందో," అన్నారు. నేను పక్కనే నిలబడ్డాను. యాదగిరన్న కట్టిన నిమ్మకాయ ఎండిపోయి బంపరుకు ఇంకా వేలాడుతోంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు చూపు దాదాపు పూర్తిగా పోయింది. అయినా శనివారం షెడ్డుకు తీసుకెళ్లమనేవారు. ఎండిన నెయిల్ పాలిష్ గీత వేలికి సన్నగా తగులుతుంది. ఆవిడ జీపు చుట్టూ తడుముకుంటూ, ఒక్కో గీత మీద గోరుతో రాసి, ఇది బాగుంది, ఇది జరిగింది అని చెప్పేవారు. నేను మళ్లీ చూసేదాన్ని. ఆవిడ ఒక్కసారీ తప్పు చెప్పలేదు. చివరకు ఎప్పుడూ సీటు కింది బోల్టు దగ్గర వేలు ఆపి, "ఇది జరగలేదు కదూ?" అనేవారు. జరగలేదు మేడమ్ అనేదాన్ని. నిరుడు వానాకాలంలో గుండెపోటుతో పోయారు. జీపు నాకు వదిలి వెళ్లారు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలున్నారు. గదిలో అందరూ సరేనన్న తర్వాత, మూల కూర్చున్నవాళ్ల వైపు తిరిగి నువ్వేమంటావని అడుగుతాను. ఒకరిద్దరు నిజంగానే చెబుతారు. కొన్నిసార్లు నాకు ఒళ్లు మండుతుంది, అయినా పని ఆపుతాను. మేడమ్ ఆరోజు దాబా దగ్గర నా మాట విన్నారే, ఆ బాధ ఎంతదో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు చెప్పడమే కష్టమనుకున్నాను. వినడం అంతకంటే కష్టం.

మొన్న ఆఫీసు నుంచి నేరుగా చందానగర్ వెళ్లాను. మిగతా గీతలు చాలాసార్లు చెరిపి కొత్తగా గీశాను గానీ, సీటు కింది వంకర గీతను ఎప్పుడూ ముట్టుకోలేదు. బిగించిన మనిషి లేదు, గీసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇంకొకరు మళ్లీ చూడాలన్న ఆవిడ పద్ధతికి ఇప్పుడు ఇంకొకరు లేరు. అందుకని సీట్లో కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి కిందికి పోనిచ్చి ఆవిడలాగే గోరుతో తడిమాను. జరగలేదు మేడమ్.