విత్తనం గింజలు

బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, నలభై దాటాక, దూరవిద్యలో సైకాలజీ ఎమ్మేకి కట్టాను. వృద్ధాప్యం పేపరుకు ఒక ప్రాక్టికల్ ఉంది. ఒక ముసలివారిని కొన్ని ప్రశ్నలడిగి, మతిమరుపు ఏ మేరకు ఉందో రాయాలి. మా ఇంట్లో నాయన ఉండనే ఉన్నాడు.

"ఇప్పుడు ఏ నెల నాయనా?"

"పనీపాటా లేనోనికి ఏ నెలయితే ఏమిమ్మా?"

ఏ వారమని అడిగినా అంతే. లెక్క ప్రకారం సున్నా వేయాలి. నాకు ఒళ్లు మండింది. క్యాతగానచెర్లులో మా చేను సోలార్ పలకల కిందికి పోయేదాకా ఆయన క్యాలెండర్ ముఖం చూసి ఎరగడు. విత్తడం, కలుపు తీయడం, కాయ పీకడం, అవే ఆయనకు నెలలు. ఇది జబ్బు కాదు, పని పోయిన దిగులు అని రాసి పంపాను. నమ్మాను కూడా. నమ్మక ఏం చేయను? జబ్బే అయితే నయం కాదని ఆ పుస్తకమే చెబుతోంది. దిగులయితే చేను చూపిస్తే చాలు.

వాన పడగానే ఆయన్ని నాగలమడికకు, మామ చేనుకు తీసుకుపోయాను. మామ అంటే అమ్మ తమ్ముడు. ఇప్పటికీ ఎద్దులతోనే సేద్యం. ఆయన నాగలి తోలుతుంటే వెనక చాలులో శనక్కాయ గింజలు వేయడం ఒకప్పుడు నాయన పని. విత్తనమంటే నాయనకు ఎంత పట్టింపో మా వీపులకు తెలుసు. విత్తనానికి కాయలు ఒలిచేటప్పుడు మాలో ఎవరు ఒక్క గింజ నోట్లో వేసుకున్నా విమానం మోత మోగించేవాడు. విత్తనం ఎంగిలి చేస్తే భూమి ఊరుకోదనేవాడు.

"రా బావా, యేసుకుంటా రా" అని మామ ఎద్దుల్ని అదిలించాడు.

ఎవరూ చెప్పకుండానే నాయన చెప్పులు విడిచి చాలులోకి దిగాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒడిలోంచి గింజలు తీసి ఆయన దోసిట్లో పోశాను.

కాసేపు వాటినే చూశాడు. తర్వాత దోసిలి నోటి దగ్గరకు ఎత్తుకున్నాడు.

"నాయనా, విత్తనం" అన్నాను.

"బాగుండాయి" అన్నాడు నములుతూ. అయిపోయాక మళ్లీ దోసిలి పట్టాడు.

మామ చాలు చివర ఎద్దుల్ని నిలిపి వెనక్కి చూశాడు. "ఏందమ్మా, ఒక గింజ కూడా పడలేదే?"

ఒడిలో మిగిలినవన్నీ నాయన దోసిట్లోనే పోశాను.