పొత్రాల మూల

మా ఊరి శ్మశానం మీద నేను వేసిన చిన్న పుస్తకం ఇంకా కొందరి ఇళ్లలో ఉంది. అందులో చివరి పేజీ తప్పు. ఆ పేజీలో బల్ల మీద వరసగా పేర్చిన నున్నటి రాళ్ల ఫొటో ఉంటుంది. కింద "శ్మశానం తూర్పు మూలలో దొరికిన ప్రాచీన కాలపు నూరుడు రాళ్లు" అని ఉంటుంది. రాసింది నేనే, ఫొటో తీసిందీ నేనే. అవి ప్రాచీన కాలానివి కావు. దొరికినవీ కావు.

నరసన్నపేటలో నాకు ఫొటో స్టూడియో ఉంది. సెల్‌ఫోన్లు వచ్చాక పెళ్లిళ్లు తప్ప పెద్దగా పని లేదు. పోయినవాళ్ల పాత ఫొటోలు పెద్దవి చేసి, మరకలు దిద్ది, ఫ్రేము కట్టి ఇస్తుంటాను. అందుకోసం వచ్చేవాళ్లలో చాలామందికి తాత పేరు తెలుసు, ముత్తాత పేరు తెలీదు. ఆ పేర్లు హైవే పక్కనున్న మా ఊరి శ్మశానంలో ఉన్నాయి. బియ్యం వ్యాపారం చేసిన కుటుంబాల సిమెంటు సమాధులు, రైతుల ఇటుక దిమ్మెలు, వాటి మీద తడి సిమెంటులో పుల్లతో గీసిన అక్షరాలు. రోడ్డు వెడల్పు చేస్తారని కొలతలవాళ్లు వచ్చి ఎర్ర రంగు గుర్తులు పెట్టి వెళ్లారు. అంతా పోయేలోగా రాసిపెట్టాలనిపించింది.

ఆదివారాలు వెళ్లేవాణ్ణి. నాచు పట్టిన రాతిని కడిగి, అక్షరాల్లోకి బియ్యప్పిండి రుద్ది, పొద్దుటి ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే చదవడానికి వీలయ్యేది. అక్షరం ఉన్న ప్రతి రాయినీ ఉన్నచోటే తీశాను. పటం గీసి ఏది ఎక్కడుందో గుర్తుపెట్టాను.

తూర్పు మూలంతా తుమ్మ పొదలు. వాటి కింద, ఎండి మట్టిలో కలిసిపోతున్న ముళ్లకంపల మధ్య పొత్రాలు కనిపించాయి. సన్నికల్లు మీద పచ్చళ్లు నూరే పొడుగాటి గుండ్రాయి, పొత్రమంటే. శ్మశానంలో పొత్రాలేమిటని, స్కూల్లో సోషల్ చెప్పే మా మేనత్త కొడుకుని పిలుచుకొచ్చాను.

"ఒరే బావా, ఇయి మామూలు రాళ్లు కావురా," అన్నాడు. "రామతీర్థం కొండ మీద బౌద్ధులు ఉండీవోరు కారేటి? ఇక్కడ కూడా ఏదో ఊరు ఉండేదన్నమాట. నీ పేరు పేపర్లో పడతాది సూడు."

"పేరు సరే గానీ, ముందు బరువు పట్టు."

"మేష్టర్ని పట్టుకుని కూలోణ్ణి సేసేసినావు కదరా!"

నవ్వుకుంటూనే వాటిని గోనెసంచుల్లో వేసి, ఆటోలో గ్రంథాలయానికి తెచ్చాం. ఏ రాయి ఎక్కడ నుంచి తీశామో రాసుకోలేదు. ఉన్నచోట ఒక్క ఫొటో తియ్యలేదు. కంపలు అడ్డంగా ఉన్నాయి, వెలుతురు సరిగ్గా లేదు, పైగా వాటి మీద అక్షరాలు లేవు. బల్ల మీద పెట్టి శుభ్రంగా తీశాను. తర్వాత తుమ్మ పొదలు కొట్టించి, ఆ మూలని ట్రాక్టరుతో చదును చేయించాం. చూడ్డానికి బాగుంటుందని.

పుస్తకంలో మా అయ్య సమాధి ఫొటో కూడా ఉంది కాబట్టి అప్పకి ఒక కాపీ పంపాను. అక్కని మా ఇళ్లలో అప్ప అంటాం. నాకంటే చాలా పెద్దది, విజయనగరం దగ్గర పల్లెలో ఉంటుంది. పుస్తకం అందగానే బస్సెక్కి వచ్చేసింది. స్టూడియోలోకి వస్తూనే చివరి పేజీ తీసి ఒక రాయి మీద వేలు పెట్టింది.

"ఇది ఎక్కడున్నాది?"

"గ్రంథాలయంలో. కూర్చో అప్పా, టీ తాగి వెళ్దాం."

"టీ తరవాత. ముందు సూపించు."

గ్రంథాలయంలో ఆ రాయిని రెండు చేతులతో ఎత్తింది. నల్ల రాయి, నడుం చుట్టూ తెల్ల చార, ఒక చివర పెచ్చు ఊడి ఉంది. ఊడినచోట బొటనవేలు పెట్టింది. చూడకుండానే పెట్టింది.

"ఇది మన పొత్రంరా. ఈ పెచ్చు నానే ఊడగొట్టీసినాను. అమ్మ తిట్టిన తిట్లు ఇంకా సెవుల్లో ఉన్నాయి."

మా ఇంటి సన్నికల్లు నల్లది, దానికీ తెల్ల చార ఉంది. పొత్రం మాత్రం ఎర్రది, పొట్టిది. ఆ రెండూ జత కావని చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

అప్ప బెంచీ మీద కూర్చుని, రాయిని ఒళ్లో పెట్టుకుని చెప్పింది. మొదటి పురుడు మా ఇంట్లోనే పోసుకుంది. మగపిల్లాడు. మా ఇళ్లలో బారసాలనాడు బిడ్డ కంటే ముందు పొత్రాన్ని ఉయ్యాలలో వేసి ఊపుతారు, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. ఉయ్యాల కట్టారు. పొత్రం కడిగి పసుపు రాసి సిద్ధంగా పెట్టారు. ఆ తెల్లవారే బిడ్డ పోయాడు. అలా పోయిన బిడ్డ కోసం తీసిన పొత్రంతో మళ్లీ కారం నూరకూడదు. అంత చిన్న పిల్లల్ని కాల్చరు, పాతిపెడతారు. అయ్య ఒక చేత్తో బిడ్డనీ, ఒక చేత్తో పొత్రాన్నీ పట్టుకెళ్లాడు. ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లకూడదు కాబట్టి అప్ప గడప దగ్గరే ఉండిపోయింది. పేరు పెట్టని బిడ్డ గురించి ఇంట్లో ఇంకెవరూ మాట్లాడలేదు.

"నువ్వప్పుడు పాకుతున్నావు. నాకు పాలు సేపుకొచ్చేసీవి. అమ్మకేమో నీకు సాలినన్ని లేవు. ఆడి పాలు తాగి ఇంతోడివయ్యావురా నువ్వు," అని నా భుజం మీద ఒకటి కొట్టింది. ఎప్పటిలాగే వెక్కిరిస్తోందనుకున్నాను. మొహం చూశాక కాదనిపించింది.

"అయ్య పోయేముందు అడిగినాను, ఆడెక్కడున్నాడని. తూరుపు మూల, పొత్రం ఉన్నకాడే తల్లీ, దాన్నెవులూ తియ్యరు అన్నాడు. ఇన్నాళ్లూ ఎల్లడానికి ధైర్యం సాల్లేదు. ఇప్పుడు నన్ను తిట్టడానికి ఎవులున్నారు? పద. ఎక్కడ తీసినావో ఆ సోటు సూపించు."

రాయిని నేను మోస్తూ ముందు నడిచాను, ఆమె వెనక వచ్చింది. శ్మశానం తూర్పు మూల ఊడ్చిన కళ్లంలా ఉంది. అప్ప అంచు దగ్గర చెప్పులు విడిచింది.

"ఏదిరా?"

"ఇక్కడే ఎక్కడో అప్పా."

"ఎక్కడో అంటే?"

"రాసుకోలేదు."

ఆమె ఆ నేలంతా చూసింది. ఒక కాలు ఎత్తి మళ్లీ వెనక్కి పెట్టేసింది.

"ఇన్ని రాళ్లు తీసినావు. ఇందరు పిల్లలున్నారు. నానెక్కడ కాలు పెట్టాలిరా?"

మధ్యలో ఎక్కడో ఒకచోట రాయి పెడదామన్నాను. "ఒద్దు. ఇంకో తల్లి పిల్లడి మీద పెట్టేస్తావు," అంది. అంచునే, చెప్పుల పక్కన కూర్చుంది. బస్సు వేళ వరకూ లేవలేదు. ఆ రాయిని ఇంటికి తీసుకెళ్లమంటే తల అడ్డంగా ఊపింది. ఒకసారి ఇల్లు దాటిన పొత్రం తిరిగి రాకూడదట.

రోడ్డు చివరికి అవతలి వైపు వెడల్పయింది. శ్మశానంలో ఒక్క ఇటుక కదల్లేదు. కదిల్చింది నేనే.

పొత్రాలన్నీ తిరిగి తెచ్చి ఆ మూల అంచున పెట్టాను. ఊళ్లో ముసలమ్మలు కొందరు చూడ్డానికి వచ్చారు. ఒకరిద్దరు తమవి గుర్తుపట్టారు, ఎక్కడివో అడిగారు. అప్పకి చెప్పిన మాటే వాళ్లకీ చెప్పాను. పుస్తకం ఉన్న ఇళ్లకి వెళ్లి, చివరి పేజీలో నా మాట మీద చిన్న కాగితం అతికించి వస్తున్నాను: "ఇవి బారసాల కాకుండా పోయిన పిల్లల మీద పెట్టిన పొత్రాలు. తీసిన చోట్లు రాసుకోకుండా నేను తీశాను."

అప్ప ఫోన్ చేసినప్పుడు పుస్తకం సంగతి అడగదు.

"కంప ఏసినావేటి?" అంటుంది. పిల్లల్ని పాతిన చోట కుక్కలు తవ్వకుండా ముళ్లకంప కప్పుతారు. ఆ కంపలూ నేనే తీయించేశాను.

"వేశానప్పా."

"ఎక్కడ?"

ఏ చోటో తెలీదు కాబట్టి ఆ మూలంతా వేశాను. అదే చెప్తాను. తర్వాత ఫోన్ పెట్టేస్తుంది.