పోగులు అతికిన పని లెక్కలోకి రాదు

సూరత్‌లో మా కార్ఖానాలోని మరమగ్గాలను ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌కు కలిపింది నేనే. ఎవరి మగ్గం ఎంతసేపు ఆగిందో గోడమీది తెరలో కనిపిస్తుంది. అందరికంటే అడుగున ఉన్నవాణ్ని తీసేస్తానని సేఠ్ చెప్పాడు. ఈ రోజు పొద్దున ఆ చోట మల్లయ్య మామ పేరుంది. పక్కవాళ్ల పోగులు తెగితే, తన మగ్గం ఆపి వెళ్లి అతికే మనిషి ఆయన.

"గా సాఫ్ట్‌వేర్ ఎవలైనా మార్చుకోవచ్చంటివి గదరా. నేను పోగులతికింది గూడ జర అండ్ల ఎక్కియ్యరాదు?"

"సేఠ్ వద్దన్నడు మామా."

"మరి ఎవలైనా అంటే ఎవలురా?"

మధ్యాహ్నం పక్క మగ్గంలో పోగులు తెగాయి. మామ తెరవైపు చూసి, తన మగ్గం దగ్గరే నిలబడ్డాడు. సాయంత్రానికి ఆయన పేరు పైకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ బాగా పనిచేస్తోందని సేఠ్ నాకు చాయ్ తెప్పించాడు.

మీరైతే తాగేవారా?