మొరొగొరోలో తయారైన మెదక్ చక్రం

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన వేసవిలో, టాంజానియాకు వెళ్ళే వ్యాపార ప్రతినిధి బృందంలో నన్ను సభ్యురాలిగా చేరుస్తూ హైదరాబాద్ నుంచి ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను పరిశ్రమల శాఖలో మెదక్ జిల్లా జనరల్ మేనేజర్‌ని. పేరుకు పెద్ద హోదాలా వినిపిస్తుంది కానీ, రోజువారీ పని చిన్న పరిశ్రమలవాళ్ళకు అనుమతులు ఇప్పించడం, రాయితీ దరఖాస్తులు పరిశీలించడం, షెడ్లు తనిఖీ చేయడం. ఎగుమతుల ప్రోత్సాహం కూడా మా బాధ్యతే అని నిబంధనల్లో ఉంది. మెదక్‌లో దాని అవసరం అంతకుముందు పెద్దగా పడలేదు.

ఆ బృందంలో మందుల కంపెనీలవాళ్ళు, విత్తన వ్యాపారులు, పిండిమరల తయారీదారులు ఉన్నారు. అందరూ హైదరాబాద్, దాని చుట్టుపక్కలవాళ్ళు. జిల్లాల నుంచి వ్యవసాయ పనిముట్లు చేసేవాళ్ళను కూడా తీసుకురమ్మన్నారు. టాంజానియాలో మొరొగొరో దగ్గర వరి పండించే రైతు సంఘాల సమాఖ్య ఒకటి ట్రాక్టర్లకు కేజ్ వీల్స్ కొనాలనుకుంటోందని మాకు సమాచారం. నాటు వేసే ముందు మడిలో నీళ్ళు పెట్టి కరిగెట దున్నేటప్పుడు ట్రాక్టరు బురదలో దిగబడకుండా తగిలించే ఇనుప చక్రాలను కేజ్ వీల్స్ అంటారు. పాపన్నపేట వైపు మంజీర ఆయకట్టులో ఇవి లేకుండా ట్రాక్టరు మడిలోకి దిగదు.

మెదక్‌లో ఈ చక్రాలకు పేరున్నవాళ్ళు ఇద్దరు, యాదగిరి, సామేలు. ఒకప్పుడు బస్టాండు వెనక ఒకే షెడ్డులో భాగస్వాములు. చక్రానికి ఉండే ఇనుప రెక్కలను సామేలు కొంచెం వాలుగా పెట్టడం మొదలుపెట్టాడు. అట్లా పెడితే రెక్కలు ఊడి షెడ్డు పేరు పోతుందని యాదగిరి ఒప్పుకోలేదు. మాటామాటా పెరిగి విడిపోయారు. సామేలు చర్చి వైపు సొంత షెడ్డు వేసుకున్నాడు. అప్పటి నుంచి ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఎదుటివాడి చక్రం వంకర పోతుందని ఇద్దరూ రైతులకు చెప్పేవారు.

ఇద్దరికీ కబురు పంపాను. ఇద్దరూ వస్తామన్నారు. "వస్త మేడం, గని విమానంల గాయిన పక్కన సీటు మాత్రం ఎయ్యకుండ్రి" అన్నాడు యాదగిరి. మరునాడు సామేలు వచ్చి దాదాపు అదే మాట చెప్పిపోయాడు.

ఇటువంటి పర్యటనల్లో జరిగే పని గురించి రెండు మాటలు చెప్పాలి. హోటల్ హాలులో బల్లలు వేసి కొనేవాళ్ళను, అమ్మేవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెడతారు. చివరి రోజు అవగాహన ఒప్పందాల మీద సంతకాలు, ఫొటోలు ఉంటాయి. అవగాహన ఒప్పందం అంటే ఇకముందు మాట్లాడుకుందామని రాసుకోవడం. దాంతో ఒక్క బోల్టు కూడా ఓడ ఎక్కదు. అసలైనది కొనుగోలు ఆర్డరు. అది రావాలంటే సరుకు నమూనా చూపించాలి. అందుకని ఇద్దరి చక్రాలనూ ఒకే సరుకుగా కట్టించి, మా ప్రయాణానికి చాలా ముందే ఓడలో పంపించాం.

టాంజానియా రేవు పట్నం దారెస్సలాంలో దిగగానే తెలిసిన సంగతి, మా సరుకును రేవులో ఆపేశారని. విదేశాలకు వెళ్ళే చెక్క పెట్టెలను పురుగు లేకుండా వేడి చేసి, ప్రతి పెట్టె మీదా ఆ గుర్తు వేయాలి. ప్యాకింగ్ చేసిన ఏజెంటు ఒక పెట్టె అడుగు విరిగితే పచ్చి చెక్కతో మరమ్మతు చేసి పంపాడు. ఆ చెక్క మీద గుర్తు లేదు. రేవు అధికారులు చేసింది న్యాయమే. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ ఆపేదాన్ని. సరుకు విడుదలయ్యేసరికి మా తిరుగు ప్రయాణం అయిపోతుంది. వేరే దేశం సరఫరాదారులు మా తర్వాతి వారమే అదే పొలంలో తమ చక్రాలు చూపించబోతున్నారు.

మా బృందానికి నాయకుడు హైదరాబాద్ నుంచి వచ్చిన సీనియర్ అధికారి, నెమ్మదైన మనిషి. వీడియో చూపించి అవగాహన ఒప్పందం చేసుకుందాం, ఆర్డరు సంగతి తర్వాత చూద్దాం అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ వీడియో చూసి ఎవరూ ఇనుము కొనరని నాకు తెలుసు. ఇంత దూరం వచ్చింది ఊరికే ఫొటో దిగి ఇంటికి పోవడానికి కాదు.

మొరొగొరో చేరాక హోటల్ వరండాలో ఇద్దరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాను. సామేలే ముందు నోరు విప్పాడు.

"మేడం, పొద్దున రోడ్డు మీద ట్రాక్టర్లు చూసిన. అన్నీ మన దేశం నుంచి వచ్చినయే. హబ్బు బోల్టులు మనయే. చక్రం ఈడ్నే జేస్తే చక్కగ కూసుంటది."

యాదగిరి ముందుకు జరిగి కూర్చున్నాడు. అతనివైపు కాకుండా నావైపు చూస్తూ అన్నాడు. "ఇనుము యాడైన ఇనుమే గద మేడం. ఒక షెడ్డు, ఒక వెల్డింగ్ మిషన్ ఇప్పియ్యుండ్రి. రింగులు నేను వంచుత. రెక్కలు గాయిన్ని పెట్టుకోమనుండ్రి."

నేను తిన్నగా కొనుగోలుదారు దగ్గరికే వెళ్ళాను. సమాఖ్య అధ్యక్షురాలి పేరు రెహెమా. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళను గౌరవంగా మామా అంటారు. మామా రెహెమాకు వరి సాగులో ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. జరిగింది దాచకుండా చెప్పి, మావాళ్ళు మీ కళ్ళముందే చక్రం తయారు చేస్తారు, అవకాశం ఇవ్వండి అని అడిగాను. ఆవిడ కొంచెం నవ్వి, ఇంతవరకు ఏ వ్యాపారీ తనతో ఈ మాట అనలేదని చెప్పింది. ఊళ్ళో యువకులకు వృత్తి విద్య నేర్పే ఒక శిక్షణ సంస్థ ఉంది. ఆవిడ ఫోను చేస్తే వాళ్ళ వెల్డింగ్ షెడ్డు మాకు దొరికింది. మా నాయకుడు కూడా ఒప్పుకుని, ఒక్కరోజు గడువు ఇచ్చారు.

తెల్లవారగానే పని మొదలైంది. షెడ్డులో కమ్మీలు గుండ్రంగా వంచే యంత్రం లేదు. యాదగిరి నేల మీద సుద్దతో వలయం గీసి, గీత వెంట ఇనుప మేకులు దిగ్గొట్టించి, కమ్మీని కాల్చి కాల్చి వాటి చుట్టూ వంచాడు. అక్కడి విద్యార్థులు పట్టుకార్లతో సాయం పట్టారు. భాష తెలియకపోయినా పని ఆగలేదు. "నేను నేర్చుకున్నప్పుడు గిట్లనే వంచుతుంటిమి. మిషన్లు నిన్నగాక మొన్న వచ్చినయి" అని తెలుగులోనే గొప్పలు చెప్పుకుంటూ పోయాడు. పిల్లలు అన్నింటికీ తలలూపారు.

మధ్యాహ్నానికి రింగులు సిద్ధమయ్యాయి. రెక్కల దగ్గర పాత తగువే మళ్ళీ లేచింది.

"నేరుగ పెట్టమనుండ్రి మేడం. గట్టిగుంటది" అన్నాడు యాదగిరి.

"ఈడి మట్టి చూడకుంట గెట్ల జెప్తడు? తొవ్వల నేను చూసిన, నల్లరేగడి. నేరుగ పెడితె ముద్దలెక్క పట్టుకుంటది, ఇడ్వది" అన్నాడు సామేలు. ఇద్దరూ నాకే చెబుతున్నారు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు.

చక్రాల విషయంలో తీర్పు చెప్పగలిగినంత నాకు తెలియదు. ఇద్దరినీ జీపు ఎక్కించి, మరునాడు ప్రదర్శన జరగాల్సిన మడి దగ్గరికి తీసుకెళ్ళాను. యాదగిరి ప్యాంటు మడిచి నీళ్ళలో దిగాడు. పిక్కలు మునిగేదాకా దిగబడ్డాడు. కాలు పైకి లాగితే బురద పెద్ద ముద్దగా కాలితోపాటే లేచింది. దులిపినా పోలేదు. గట్టెక్కి కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు. ఈసారి నాతో కాదు.

"సామేలూ, ఎంత వాలు పెడుదామంటవు?"

సామేలు దగ్గరికి వచ్చాడు. చేత్తో గాలిలో వాలు చూపిస్తూ, "ఇంత జాలు యాదన్నా. గని రెక్కలకు ఈడ దొర్కిన యాంగ్లర్ ఇనుము పల్చగుంది. వాలుగ పెడితె ఊడుతదని నువ్వు అన్నది నిజమే. ఎన్క ఊతం కావాలె" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ జీపులో వెనక సీట్లో పక్కపక్కనే కూర్చుని, ఊతం ఎక్కడ అతకాలో వాదించుకుంటూనే ఉన్నారు. నేను ముందు సీట్లో కూర్చుని విన్నాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా విన్న వాదన మరొకటి లేదు.

చీకటి పడేసరికి చక్రాల జత నిలబడింది. యాదగిరి మూడు రింగుల చట్రం, సామేలు వాలు రెక్కలు, ఒక్కో రెక్క వెనక ఊతం. రంగు వేయడానికి సమయం లేదు.

మరునాడు పొలం గట్ల మీద రైతులు బాగానే చేరారు. మా బృందంలోని మందుల కంపెనీలవాళ్ళు కూడా తమ సమావేశాలు ముగించుకుని వచ్చారు. చక్రాలు బిగించాక యాదగిరి ట్రాక్టరు ఎక్కబోతే మామా రెహెమా ఆపింది. రేపు నడిపేది మీరు కాదు కదా, మా డ్రైవరే నడపాలి అంది. ఆవిడ మాట సరైనదే. డ్రైవరు అంతకుముందు అదే మడిలో ట్రాక్టరు దిగబడి, ఎడ్లతో లాగించుకున్న మనిషి. భయపడుతూనే గేరు వేశాడు.

ట్రాక్టరు మడిలోకి దిగింది. కొంచెం కుంగింది, ఆగినట్టే అయింది. రెక్కలు బురదను పట్టుకుని, పైకి రాగానే వదిలేశాయి. ముద్ద పట్టలేదు. బండి ముందుకు కదిలి ఆ చివరిదాకా పోయి, మలుపు తిరిగి వచ్చింది. రెండో చాలుకు డ్రైవరు వేగం పెంచాడు. మూడో చాలుకు మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. గట్టు మీది ఆడవాళ్ళు పాట అందుకున్నారు. మా నాయకుడు బూట్లు చేత్తో పట్టుకుని బురదలో నిలబడి చప్పట్లు కొట్టారు.

మామా రెహెమా మాత్రం చప్పట్లు కొట్టలేదు. చక్రం దగ్గరికి వచ్చి రెక్కను తట్టి, ఇది విరిగితే మేం మెదక్ రావాలా అని అడిగింది. నేను తెలుగులో చెప్పగానే సామేలు అన్నాడు. "ఇరగ్గొట్టి చూపిస్తమని చెప్పుండ్రి మేడం."

యాదగిరి సమ్మెట అందుకున్నాడు. పెద్ద పెద్ద దెబ్బలు వేస్తే ఒక రెక్క ఊడి బురదలో పడింది. సామేలు దాన్ని కడిగి, శిక్షణ సంస్థ విద్యార్థుల చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. ముందురోజంతా పక్కనే నిలబడి పని చూసిన పిల్లలు వాళ్ళు. వెల్డింగ్ యంత్రం, జనరేటరు బండి మీద తెచ్చుకుని, ఊతంతో సహా రెక్కను అతికారు. ట్రాక్టరు మళ్ళీ దిగి మడి పూర్తిగా దున్నేసింది.

అప్పుడు అడిగింది ఆవిడ, ఈ చక్రం ఎవరిది, ఆర్డరు ఎవరి పేర రాయాలి అని. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విడివిడిగా ఏ ఒక్కరి షెడ్డుకూ సమాఖ్యకు కావాల్సినన్ని చక్రాలు సరఫరా చేసే శక్తి లేదని ఇద్దరికీ తెలుసు, నాకూ తెలుసు.

"మెదక్‌ది అని చెప్పుండ్రి" అన్నాడు యాదగిరి.

ఆ పర్యటనలో మా బృందం చేసుకున్న అవగాహన ఒప్పందాలు చాలానే ఉన్నాయి. చేతికి వచ్చిన కొనుగోలు ఆర్డరు మాత్రం అదొక్కటే. తిరిగి వచ్చాక ఇద్దరి షెడ్లనూ కలిపి ఒక ఉమ్మడి సంస్థగా నమోదు చేయించాను, ఎగుమతి లైసెన్సు తీయించాను. పెట్టెల చెక్క మీద గుర్తులు నేనే స్వయంగా వెళ్ళి చూశాను. కంటైనరు బయలుదేరిన రోజు సామేలు వాళ్ళ పాస్టరు ప్రార్థన చేశారు, యాదగిరి కొబ్బరికాయ కొట్టాడు. రెండు షెడ్ల పనివాళ్ళు కలిసి సరుకు ఎక్కించారు. లారీ నర్సాపూర్ రోడ్డు పట్టుకున్నప్పుడు బజారులో నిలబడిన జనం ఈలలు వేశారు.

మరుసటి ఏడాది వానాకాలం మామా రెహెమా మెదక్ వచ్చింది. పాపన్నపేట మడుల్లో నడిచి, మన ట్రాక్టర్ల చక్రాలు వంగి వంగి చూసింది. మా కార్యాలయంలో కూర్చునే రెండో ఆర్డరు ఇచ్చింది. దానికి ఈ రెండు షెడ్లు చాలక, నర్సాపూర్, అల్లాదుర్గ్ వెల్డింగ్ షాపులకు కూడా పని పంచాల్సి వచ్చింది. నేను రిటైరయ్యేనాటికి ఆ పని ఆగలేదు, ఇప్పుడూ నడుస్తోంది.

ఎగుమతులు చేయాలనుకునే కొత్తవాళ్ళు ఇప్పటికీ సలహా కోసం మా ఇంటికి వస్తుంటారు. ధర, రంగు, కరపత్రాల గురించి అడుగుతారు. అవన్నీ వాళ్ళకు ఎవరైనా చెప్తారు. నేను మొరొగొరోలో నేర్చుకున్నది ఒక్కటే చెప్పి పంపుతాను. పరదేశంలో కొనేవాడికి మన సరుకు ఎంత బాగా పనిచేస్తుందో చూపించాలి. అది పాడైన రోజున అక్కడి మనుషులే తమ చేతులతో బాగు చేసుకోగలరని కూడా చూపించాలి. ఈ రెండోది చూపించగలిగినవాళ్ళకే రెండో ఆర్డరు వస్తుంది.