డాడీ వేళ్ళకు అలవాటైన తెలుగు

మా చిన్నతనంలో ఆదివారం వస్తే ఆబిడ్స్‌లో దుకాణాలన్నీ బంద్... వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. అలాంటి ఒక ఆదివారం, చర్చి అవ్వగానే డాడీ నన్ను తను పనిచేసే టైపింగ్ షాపుకు తీసుకెళ్ళాడు. షట్టర్ సగమే ఎత్తి, ఇద్దరం వంగి లోపలికి దూరాం. నేనప్పుడు తొమ్మిదో తరగతి.

డాడీ తెలుగు టైపిస్టు. నాంపల్లి కోర్టుకు పోయే దరఖాస్తులు, ఇళ్ళ కిరాయి కాగితాలు, అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. కళ్ళు కాగితం మీద, నోరు ఎదుటివాళ్ళతో కబుర్లలో, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. కీల వంక చూసి కొట్టేవాడు టైపిస్టే కాదనేవాడు. ఆ ఒక్క విషయంలో మా డాడీకి భలే గర్వం...

ఆ నెలలోనే షాపు యజమాని సేటు అక్కడికి కంప్యూటర్ తెచ్చాడు. చెడ్డవాడేం కాదు, ఉన్నమాటే చెప్పాడట.

"డానియేలన్నా, నెల రోజుల్ల దీని మీద తెలుగు కొట్టుడు నేర్చుకో. గిరాకీ అంతా కంప్యూటర్ కాగితమే అడుగుతున్రు. నీకు రాకపోతే ఇంకొకర్ని పెట్టుకోవాలె, నేనేం జెయ్యాలె చెప్పు?"

తీరా చూస్తే అందులో తెలుగే లేదు. తెలుగు అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా ఖాళీ డబ్బాలు కనిపించేవి. నేను హిమాయత్‌నగర్‌లో కంప్యూటర్ క్లాసుకు పోతున్నాను కదా... "ఫికర్ లేదు సేటూ, మా బిడ్డ చేస్తది" అని డాడీ చెప్పేసి వచ్చాడు. అందుకే ఆ ఆదివారం కంప్యూటర్ ముందు నేను కూర్చున్నాను.

కంట్రోల్ ప్యానెల్‌లో భూగోళం బొమ్మ... రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్. అందులో ఒకచోట టిక్కు పెట్టగానే సీడీ అడిగింది. సీడీ ముందే మా కంప్యూటర్ క్లాసు సారు దగ్గర అడిగి తెచ్చుకున్నాను. తెలుగు ఎక్కడానికి అరగంట పట్టింది. తర్వాత భాషల జాబితాలో తెలుగు ఎంచుకుని, కీబోర్డు కూడా తెలుగే పెట్టి, కీలు వెతుక్కుంటూ వెతుక్కుంటూ 'డానియేలు' అని కొట్టాను.

"అరె... నా పేరే!" అన్నాడు డాడీ. తెర మీద తన పేరును వేలితో తాకి చూసుకున్నాడు.

ఇక ఆగలేదు. కుర్చీ లాక్కుని, నడుం నిటారుగా పెట్టి, పక్కనున్న దరఖాస్తు మీద చూపు నిలిపి టకటకా మొదలుపెట్టాడు. నాలుగు లైన్లు అయ్యాక తలెత్తి చూస్తే... ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! టైప్ మిషన్ మీద ఉన్నచోట ఇక్కడ ఒక్క అక్షరమూ లేదు.

నేను పక్కున నవ్వాను. ఛీ... ఎందుకు నవ్వానో.

డాడీ నవ్వలేదు. తన చేతుల వంక చూసుకున్నాడు. మెల్లగా అడిగాడు... "బిడ్డా, మన మిషిన్ల ఉన్నట్టే అక్షరాలు పెట్టనీకి రాదా?"

ఆ జాబితాలో తెలుగు కీబోర్డు ఒక్కటే కనిపించింది. "నాకు తెల్వదు డాడీ" అన్నాను.

"మీ సారును జర ఒక్కమాట అడుగు బిడ్డా. సేటుకు చెప్పకు... నాకు రాదనుకుంటడు."

అడుగుతానన్నాను. కానీ క్లాసులో నా పక్కన కూర్చునేవాళ్ళంతా డాక్టర్ల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు. మా డాడీ ఆఫీసులో పెద్ద పనిలో ఉన్నాడని వాళ్ళకు కోతలు కోసి ఉన్నాను. ఇప్పుడు టైప్ మిషన్ మాట ఎత్తితే పరువు పోదూ! సోమవారం సారు బల్ల దాకా వెళ్ళి వచ్చేశాను. మంగళవారం అంతే. బుధవారం వెళ్ళనే లేదు.

గురువారం అన్నం దగ్గర డాడీ అడిగాడు. "అడిగినవా బిడ్డా?"

"అడిగిన డాడీ. లేదంట."

"ఔనా... సరే తియ్యి. పాపం, సారును తిప్పల పెట్టినం."

నమ్మేశాడు. నా మాట కాబట్టి, ఇంకెవరినీ అడగలేదు.

ఆ తర్వాత చెప్పుల డబ్బా అట్టముక్క మీద కొత్త కీబోర్డు గీసుకుని, యాభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా అక్షరాలు దిద్దుకున్నాడు. వేళ్ళు మాట వింటేనా? ఒక్కో కీ వెతికి వెతికి, ఒక్క వేలితో కొట్టేవాడు... కీల వంక చూస్తూ. సేటు నెలన్నాడు కానీ రెండు నెలలు ఆగాడు. తర్వాత ఆ కుర్చీలోకి వేరే అమ్మాయి వచ్చింది.

డాడీ హిమాయత్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పనికి కుదిరాడు. వచ్చిపోయేవాళ్ళ పేర్లు రిజిస్టర్లో రాసే పని. "కూసోని చేసే పనే కదా" అనేవాడు అమ్మతో. నేను అటువైపు వెళ్ళినప్పుడు చూసేదాన్ని... ఎవరూ రాని వేళ, ఖాళీ బల్ల మీద ఆయన వేళ్ళు కదులుతుండేవి. నేను మాత్రం పలకరించకుండా అవతలి రోడ్డు నుంచే పోయేదాన్ని. నా ఫ్రెండ్స్ ఉండేవాళ్ళు మరి.

డాడీ పోయిన రెండేళ్ళకు నేను బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో చేరాను. అక్కడ రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక టైపిస్టు గారు కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, కంప్యూటర్లు చూసుకునే మేడంతో "మేడం, నాకు మిషన్ కీబోర్డు పెట్టండి" అన్నారు. ఆవిడ ఏదో చిన్న ఫైలు ఎక్కించింది. అదే భూగోళం బొమ్మ, అదే జాబితా... అందులో 'తెలుగు టైప్‌రైటర్' అని ఇంకో లైను చేరింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన కాగితం మీద చూపు పెట్టి టకటకా కొట్టుకుపోయారు.

"ఇది కొత్తగా వచ్చిందా మేడం?" అన్నాను.

"అబ్బే, ఎప్పట్నుంచో ఉందండీ."

బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

మా సారుకు ఆ సంగతి అప్పట్లో తెలుసో తెలియదో... అదీ నాకు తెలియదు. అడిగి ఉంటే కదా!

ఇప్పుడు ఫోన్‌లో నోటితో చెబితే చాలు, తెలుగు పడిపోతోంది. ఎవరి వేళ్ళతోనూ పని లేదు. మీరూ చిన్నప్పుడు నామోషీ పడి ఇంట్లో ఇలాంటి అబద్ధం ఏదైనా చెప్పి ఉంటే, కింద రాయండి. ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం... ముందు వెళ్ళి వాళ్ళకు చెప్పండి. నాకు చెప్పుకోవడానికి డాడీ లేడు, అందుకే మీకు చెబుతున్నాను.